గాజు కిటికీకి హారతి

మా తాత మారోతిని చూస్తే నాందేడ్‌లో టీబీకే దగ్గొచ్చేదట. ఈ మాట నేనే పుట్టించిన. తాత ఇంట్లో లేనప్పుడు అందరికీ చెప్త.

తాతది కుండల్‌వాడి దగ్గర ఎవుసం చేసే ఇల్లు. ఎడ్లు అమ్ముకున్నంక నాందేడ్‌కు వచ్చి, టీబీ మీద పరిశోధన చేసే ప్రయోగశాలలో గినీ పందులను చూసుకునే నౌకరీలో చేరిండు. పేరుకు పందులు గానీ, తోకలేని ఎలుకలకు అన్నల లెక్క ఉంటయి. వాటిలో కొన్నిటికి రోగం ఎక్కించి పరీక్షలు చేసేటోళ్లు. వాటి గది వేరు. అక్కడి గాలి బయటికి రాకుండ రెండు తలుపులు, ఒకటి మూస్తేగానీ రెండోది తియ్యద్దు. తాత ముందు మంచి జంతువులకు మేత వేసి, ఆఖరికి మూతికి ముసుగు కట్టుకొని రోగం గదిలోకి పోయేటోడు. ఆ అలవాటు ఇంటికీ పట్టుకొచ్చిండు. మాలో ఎవరు తుమ్మినా వాళ్ల పళ్లెంలో వడ్డించుడు ఆఖరికే.

అరవై ఎనిమిదిలో పోలా పండుగ వచ్చింది. ఆ రోజు ఎడ్లకు పూజ చేసి, బెల్లం పూర్ణం పెట్టిన పోలెలు తినిపించినంకనే ఇంటోళ్లు తినాలె. మాకు ఎడ్లు లేకపాయె. ఇప్పుడు మనకు బువ్వ పెట్టేది ఆ పందులే గదా అనుకొని మా అవ్వ కాశీబాయి హారతి పళ్లెం, పోలెలు పట్టుకొని ప్రయోగశాలకు నడిచిపోయింది. అప్పటికి మా నాయన ఆమె కడుపులో ఉన్నడు. అవ్వ పొద్దటి నుంచి ఏమీ తినలేదు.

తాత బయటి తలుపు కాడనే అడ్డం నిలబడ్డడు. లోపలి గాలిలో రోగం ఉంటదన్నడు. దేవుని పని మీద వచ్చినోళ్లకు ఏ గాలీ తగలదన్నది అవ్వ. పోనీ నువ్వే పెట్టమంటే, పోలె తింటే వాటి కడుపు చెడుతది, పరీక్ష పాడైతదన్నడు. అవ్వ మెట్ల మీద కూసున్నది.

"అవి తినందే నేను తినను."

"నేను తలుపు తియ్యనే."

ఎండ నెత్తి మీదికొచ్చింది. అవ్వకు కళ్లు తిరుగుతున్నయి, నీళ్లిచ్చినా తాగలేదు. ఆఖరికి తాత పచ్చగడ్డి కట్ట తెచ్చి ఆమె ఒళ్లో పెట్టి, నీ చేత్తో తుంచియ్యి, నేను వేస్తనన్నడు. ఆమె తుంచింది. తాత ముసుగు కట్టుకొని లోపలికి పోయి, వరండా వైపున్న గాజు కిటికీ కాడికి బోను తెచ్చిండు. ఆ కిటికీ తెరుచుకునేది కాదు. అవ్వ అద్దానికి ముక్కు ఆనించి చూసింది. పందులు నములుతుంటే అద్దానికే హారతిచ్చింది. తాత మోచేతుల దాక సబ్బుతో కడుక్కొని వచ్చేసరికి అవ్వ మూడో పోలె మీద ఉన్నది.

అవ్వ గడ్డికి ఒప్పుకోకుంటే ఏం చేస్తుంటివని మొన్న తాతనడిగిన. కడుపులో మా నాయన ఆకలికి తన్నుతుండె గదా అని కూడ అన్న.

"పడిపోతే దవాఖానకు మోసుకపోతుంటి," అన్నడు. "తలుపైతే తియ్యకపోతుంటి."