గొణిగితే నీ సంగతి చూస్తా

ఆ బడి హెడ్మాస్టరుకి మాట్లాడటం రాదు. అరవడం ఒక్కటే వచ్చు. మంచినీళ్ళు అడిగితే ఉరిశిక్ష చదివినట్టుండేది. బాగున్నారా అని పలకరిస్తే, బాగుండటం నేరమేమోనని అవతలివాళ్ళు తల దించుకునేవాళ్ళు. పిల్లలు ఆయనకి నగారా అని పేరు పెట్టారు. పెట్టిందెవరో తేలుస్తానని ఆయన మైదానం మధ్య నిలబడి అరిచాడు. ఆ అరుపు విన్నాక, అంతవరకూ ఆ పేరు తెలియని వీధివాళ్ళు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టారు.

ఒకసారి అటెండరుని గదిలోకి పిలిచి, తలుపు వేయించి, కిటికీ రెక్కలు మూయించి, చెవి దగ్గరికి వంగి, “ఈ సంగతి మూడో కంటికి తెలియకూడదు” అన్నాడు. మేడమీద ఏడో తరగతి పిల్లలు వింటున్న పాఠం ఆపి, చెప్పం సార్ అన్నట్టు తలలూపారు.

కథల్లో దుర్మార్గుడైన హెడ్మాస్టరు ఎలా ఉండాలో ఆయన అచ్చం అలాగే ఉండేవాడు. గుబురు కనుబొమలు, ఇస్త్రీ మడత విరగని చొక్కా, చేతిలో బెత్తం. ఆ బెత్తం ఒకరి ఒంటిమీద పడగా చూసినవాళ్ళు లేరు. అయినా దాని దెబ్బ ఎంత మండుతుందో ప్రతి పిల్లవాడూ వర్ణించి చెప్పగలడు. ఏ అరుపుకైనా చివర ఒకే మాట అతికించేవాడు. “నీ సంగతి నేను చూస్తా!” చిన్న తరగతుల్లో ఆ మాటకే లాగులు తడుపుకున్నవాళ్ళున్నారు.

లెక్కల టీచరు కూడా ఆయనంటే వణికేది. కానీ ఆ బడి మొత్తమ్మీద ఆమెకి పూర్తిగా వినిపించే గొంతు కూడా ఆయనదే.

ఆమెకి చెవులు పోతున్నాయి. ముందు పొయ్యిమీద పాలు పొంగిన చప్పుడు పోయింది. తర్వాత తలుపు కొట్టిన చప్పుడు. ఇప్పుడు మనుషుల మాటలు నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు వస్తున్నాయి. పెదాలు చూసి, సందర్భం చూసి, మిగతాది ఊహించుకుని నెట్టుకొస్తోంది. ఒకరోజు ఒక అమ్మాయి లేచి “నూరు” అంది. టీచరుకి “ఆరు” అని వినిపించింది. “తప్పు, కూర్చో” అంది. ఆ పిల్ల ఎదురు చెప్పకుండా కూర్చుని, తను వేసిన లెక్కనే అనుమానంగా చూసుకుంది. తర్వాత సంగతి అర్థమైనప్పుడు టీచరుకి ఆ చూపు గొంతులో ముల్లులా గుచ్చుకుంది.

ఎవరికైనా చెప్పుకుందామంటే బడి యజమాని ఉన్నాడు. చాలా మర్యాదస్తుడు. ఎప్పుడూ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, సన్నగా, చిరునవ్వుతో మాట్లాడేవాడు. చెయ్యి వణుకుతోందని డ్రాయింగు మాస్టారిని తీసేసినప్పుడు కూడా ఆ నవ్వు చెదరలేదు. “బడికి నిండు మనుషులు కావాలండీ” అన్నాడట. డ్రాయింగు మాస్టారు ఇప్పుడు ఒక బట్టల దుకాణం బయట స్టూలేసుకుని కూర్చుని, వచ్చేవాళ్ళకి తలుపు తీస్తున్నాడు. లెక్కల టీచరు ఆ వీధిన వెళ్ళడం మానేసింది. ఆమె ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, ఒక అత్తగారు. కట్టుకున్నవాడు ఎటో వెళ్ళిపోయాడు. తల్లిని కూడా ఈమెకే వదిలేశాడు. నలుగురికీ ఆధారం ఈ ఉద్యోగమే. అందుకే చెవికి మిషను పెట్టించుకోలేదు. పెట్టుకుంటే కనిపిస్తుంది.

గుట్టు బయటపడే రోజు ఒక పొద్దున్నే వచ్చింది. స్టాఫ్‌రూములో ఆమె తల వంచుకుని పేపర్లు దిద్దుతోంది. సైన్సు మాస్టారు వచ్చి పక్కన నిలబడ్డాడు.

“మా అత్త పోయింది టీచర్” అన్నాడు.

ఆమెకి “మా అట్ట పోయింది” అని వినిపించింది. పేపర్ల కింద పెట్టుకుని రాసుకునే అట్ట ఒకటి ఆయన చంకలో ఎప్పుడూ ఉండేది.

“పోతే పోయిందిలెండి మాస్టారూ” అంది, తల ఎత్తకుండానే. “అంచులు చివికిపోయి, నడుం విరిగి, చూస్తేనే రోత పుట్టేది. ఇంకా ఎన్నాళ్ళు మోస్తారు? గట్టిది ఇంకోటి చూసుకోండి.”

తెలుగు టీచరు చేతిలో టీ గ్లాసు గాల్లోనే ఆగింది. సైన్సు మాస్టారి అత్తగారు నడుం విరిగి చాలాకాలంగా మంచం మీద ఉన్న మాట నిజం. అందుకని ఆయనకి కోప్పడాలో, అవునని ఒప్పుకోవాలో తేలలేదు.

గుమ్మంలో హెడ్మాస్టరు నిలబడి ఉన్నాడు. కనుబొమలు రెండూ కలిసిపోయాయి. ఆయన లెక్కల టీచరు వైపే చూశాడు, చాలాసేపు. తర్వాత అరిచాడు.

“ఇంకా ఇక్కడ నిలబడ్డారేం మాస్టారూ! అత్తగారు పోతే స్టాఫ్‌రూములో ఏం పని మీకు! వెళ్ళండి!”

ఆ అరుపుతోనే ఆమెకి తెలిసింది, పోయింది అట్ట కాదని. చేతిలో ఎర్రపెన్ను జారి కిందపడింది. పడ్డ చప్పుడు ఆమెకి వినపడలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో చెబితే అత్తగారు కళ్ళు తుడుచుకునేలా నవ్వింది. కోడలి గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకుంది. ఆ ఇంట్లో మాట్లాడే పద్ధతే అది.

“నా అంచులూ చివికిపోయాయి కదే. నన్ను కూడా మార్చేస్తావా?”

“నవ్వకండత్తయ్యా. హెడ్మాస్టరుకి తెలిసిపోయింది. ఆ చూపు చూస్తే మీరూ నవ్వరు.”

“ఏమంటాడు?”

“ఏమీ అనలేదు. అదే నా భయం. నామీద అరవకుండా ఊరుకున్నాడంటే పెద్దదేదో ఆలోచిస్తున్నట్టే.”

ఆ పెద్దది మర్నాడే మొదలైంది. ప్రార్థన కాగానే హెడ్మాస్టరు బెత్తం ఎత్తాడు. “నేటినుంచి ప్రశ్న అడగాలన్నా, జవాబు చెప్పాలన్నా లేచి నిలబడాలి! తల ఎత్తాలి! నోటికి చెయ్యి అడ్డం పెట్టకూడదు! నోరు తెరిచి మాట్లాడాలి! గొణిగితే నీ సంగతి నేను చూస్తా!” పిల్లలు బిక్కచచ్చిపోయారు. మధ్యాహ్నానికల్లా బడి అంతా చేపల బజారులా మారింది. మంచినీళ్ళకి వెళ్ళొస్తానని అడిగే పిల్లవాడు కూడా యుద్ధం ప్రకటించినట్టు అరుస్తున్నాడు.

తర్వాత బెంచీల వంతు వచ్చింది. “వెనక బెంచీ అన్నది నా బడిలో ఉండదు!” బెంచీలన్నీ టీచరు బల్ల చుట్టూ గుండ్రంగా తిప్పించాడు. మోసీ మోసీ అటెండరు నడుం పట్టేసింది. ఆ తర్వాత స్టాఫ్‌రూము. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు నోరు విప్పకూడదు, చెయ్యెత్తి వంతు తీసుకోవాలి. సైన్సు మాస్టారు తుమ్ము వచ్చినా చెయ్యెత్తేవాడు. వంతు వచ్చేలోపు తుమ్ము వెనక్కి పోయేది.

“పిచ్చి ముదిరిందండీ” అంది తెలుగు టీచరు, చెయ్యెత్తి, వంతు తీసుకుని, తల ఎత్తి. అంత స్పష్టంగా అన్నందుకు తనే భయపడి గుమ్మం వైపు చూసింది.

లెక్కల టీచరుకి మాత్రం ఇది పిచ్చిలా కనపడలేదు. తన చుట్టూ వల దగ్గరికి లాగుతున్నట్టుంది. పిల్లలు ఇంత గట్టిగా చెప్పినా పొరబడితే ఇక తప్పించుకునే దారేది? పైగా వీధి పక్కనున్న తన తరగతిని తీసుకెళ్ళి, బడి వెనక విరిగిన కుర్చీలు పడేసే కొట్టు పక్క గదిలో పడేశాడు. వేరే ఎవరినీ కదపలేదు. గంట కొట్టినప్పుడల్లా స్వయంగా వచ్చి ఆ గది తలుపుమీద బెత్తంతో ఫెడీమని కొట్టి, “అయిపోయింది! కదలండి!” అని అరిచేవాడు. మిగతా తరగతులకి గంట చాలు. ఈమెకి మాత్రం బెత్తం. ఆ దెబ్బ నేలలోంచి అరికాళ్ళకి తగిలేది.

ఆ మూలగదిలో తను పొరబడటం దాదాపు ఆగిపోయిందని ఆమె గమనించలేదు. భయంలో ఉన్నవాళ్ళు మంచిని లెక్కపెట్టరు.

అత్తా అట్టా కథ చివరికి యజమాని దాకా వెళ్ళింది. ఆయన ఒకరోజు చిరునవ్వుతో వచ్చాడు. హెడ్మాస్టరుని వెంటబెట్టుకుని మూలగదిలోకి అడుగుపెట్టాడు. బెంచీల వలయానికి బయట కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. రుమాలు నోటిమీదకి వెళ్ళింది.

టీచరు బోర్డు వైపు తిరిగి భిన్నాలు వేస్తోంది. తిరిగి చూసేసరికి పిల్లలందరూ తనవైపే చూస్తున్నారు. యజమాని కళ్ళు నవ్వుతున్నాయి. ఆయన ఏదో అడిగాడు. ఏం అడిగాడో, ఎప్పుడు అడిగాడో ఆమెకి తెలియదు. రుమాలు మళ్ళీ కదిలింది. ఆమె చేతిలో సుద్దముక్క విరిగింది. బట్టల దుకాణం తలుపు, దాని పక్కన ఖాళీగా ఉన్న రెండో స్టూలు ఆమె కళ్ళముందు కదిలాయి.

“లేవండి!”

కిటికీ రెక్క గోడకి కొట్టుకుంది. పిల్లలందరూ లేచి నిలబడ్డారు.

“మీరు కాదురా! కూర్చోండి! అయ్యా, మిమ్మల్నే! నా బడిలో లేచి నిలబడకుండా ఎవరూ ప్రశ్న అడగరు!”

యజమాని నవ్వు మొదటిసారి చెదిరింది. “హెడ్మాస్టరు గారూ, నేను...”

“లేవండి! తల ఎత్తండి! నోటిమీద ఆ గుడ్డ తియ్యండి! పిల్లలకొక న్యాయం, మీకొక న్యాయమా! గొణిగితే మీ సంగతి నేను చూస్తా!”

యజమాని లేచాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియదు. ఎప్పుడో చిన్నప్పటి కాళ్ళు ఆయన్ని అడక్కుండానే లేచాయి. రుమాలు జేబులోకి పోయింది. “మూడింట రెండొంతుల్లో సగం ఎంత?” అన్నాడు, తల ఎత్తి, నోరు తెరిచి.

“మూడింట ఒక వంతండీ” అంది లెక్కల టీచరు. ఆగి, “ఎలా వచ్చిందో పిల్లలు చెబుతారు” అంది.

ఒక అమ్మాయి లేచింది. అప్పుడెప్పుడో “నూరు” అన్న పిల్లే. ప్రతి ముక్కా వినపడేలా చెప్పింది.

“ఒప్పు. కూర్చో” అంది టీచరు.

ఆ తర్వాత ఆఫీసు గది తలుపు మూసుకుంది. యజమాని ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు. రెండోవైపు మాత్రం బడి మొత్తం విన్నది.

“ఆవిడ చెవులతో మీకేం పని! పిల్లలకి లెక్కలొచ్చాయా లేదా, విన్నారుగా! ... నిండు మనుషులా! మీరు నిండుగా ఉన్నారా! అడిగిన లెక్కకి మీకు జవాబు తెలుసా! ... ఉద్యోగం పొడిగింపా! నాకివ్వాల్సిన రెండేళ్ళా! మీ దగ్గరే ఉంచుకోండి! ఈ ఏడాదితో నేను పోతాను, ఆవిడ జోలికి మాత్రం రాకండి! ... మాట మీద ఉంటారా! సరే!”

యజమాని బయటికొచ్చి గేటు దాకా నడిచాడు. రుమాలు జేబులోనే ఉంది.

లెక్కల టీచరు ఆఫీసు గదిలోకి వెళ్ళి నిలబడింది. “నా చెవుల సంగతి మీకెలా తెలుసు సార్?” అని మాత్రం అడగగలిగింది.

“మా అమ్మ! చెవుడు! నేను పుట్టేనాటికే! ఆకలన్నా అరవాలి, నిద్రొస్తోందన్నా అరవాలి! వాకిట్లోకొచ్చిన పెద్దమనిషి ఒకాయన, పిల్లాడిది అచ్చం నాన్న పోలిక అన్నాడు! మా అమ్మ పోలికని పోలీసనుకుని నన్ను చంకనేసుకుని దొడ్డిదారిన పరిగెత్తింది! మీరు ఆయన అత్తని అట్ట చేసిన రోజే అనుకున్నా!”

ఆమెకి ముందు నవ్వొచ్చింది. తర్వాత పొడిగింపు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. “నా మూలంగా మీకు...”

“నా నోటి మూలంగా! రేపే వెళ్ళి చెవికి మిషను పెట్టించుకోండి! జుట్టు కింద దాచొద్దు! వచ్చే ఏడు నా కుర్చీలో కూర్చునేవాడు గొణిగే రకమైతే ఏం చేస్తారు!”

“అలాగే సార్.” యజమాని మళ్ళీ వస్తాడేమోనని ఆమె గుమ్మం వైపు చూసింది. ఆయన అది చూశాడు. లేచి తలుపు దగ్గరగా వేశాడు. కిటికీ రెక్కలు మూశాడు. గొంతు సవరించుకుని, తల వంచుకుని, బల్లమీది బెత్తాన్ని అటూ ఇటూ దొర్లిస్తూ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కాబోలు, మెత్తగా ఏదో అన్నాడు.

ఆమె ముందుకు వంగింది.

“సార్, తల ఎత్తండి. నోరు తెరిచి మాట్లాడండి. గొణిగితే ఎలా?”

హెడ్మాస్టరు తల ఎత్తాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“భయపడకు తల్లీ అన్నాను!”

మూసిన కిటికీ దానంతటదే తెరుచుకుంది. మేడమీద ఏడో తరగతి మొత్తం లేచి నిలబడి, తలలెత్తి, నోళ్ళు తెరిచి, “భయపడం సార్!” అని ఒక్క గొంతుతో అరిచింది.

ఆ మాట లెక్కల టీచరుకి కూడా పూర్తిగా వినిపించింది.