మాడితేనే పండగ

స్వెన్‌బోర్ ఊళ్ళో ఆల్విల్డాకున్న అవలక్షణం ఒక్కటే. బిస్కెట్లు మాడ్చకుండా ఆమెకు క్రిస్మస్ వచ్చేది కాదు.

అవి మామూలు బిస్కెట్లు కావు. దాల్చినచెక్క, లవంగం, ఏలకులు దంచి వేసి, నల్లటి పాకంతో కలిపిన పిండిని రోజుల తరబడి చల్లటి గదిలో నిద్రపుచ్చాలి. తరవాత కాగితమంత పల్చగా కోసి, ఒక్కోదాని నెత్తిన ఒక బాదంపప్పు పెట్టాలి. ఇంత ముస్తాబూ అయ్యాక ఆల్విల్డా వాటిని ఓవెన్‌లోకి తోసి, వెళ్ళి కిటికీ దగ్గర కూర్చునేది. పొగ వచ్చి పిలిచేదాకా లేచేది కాదు.

తప్పు మాత్రం ఎన్నడూ ఆమెది కాదు. ఒక ఏడు ఓవెన్‌ది. ఒక ఏడు సముద్రపు గాలిది. ఇంకో ఏడు రేడియోలో ప్రసంగం ఎంతకీ ఆపని పాస్టరుగారిది.

పిండి పిసికే చాకిరీ మేనకోడలు సిగ్నెది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి, భుజాలు పడిపోయేలా పిసికేది. ఆ కష్టమంతా బొగ్గై బయటికొచ్చేది. ఆ ఏడు పండగనాడు ఆమె ఓపిక అడుగంటింది.

"అత్తా, నువ్వు కూర్చో. ఓవెన్ దగ్గరికి రావొద్దు."

"నాకేం, హాయి. కానీ ఆ ఓవెన్ బుద్ధి మంచిది కాదే."

"దాని బుద్ధి సంగతి నేను చూసుకుంటాలే."

సిగ్నె కుర్చీ లాక్కుని ఓవెన్‌కి కాపలా కూర్చుంది. కళ్ళు మూతలు పడుతున్నా చూపు తిప్పలేదు. పళ్ళెం తరవాత పళ్ళెం ఎర్రగా, ఘుమఘుమలాడుతూ దిగింది. పొగన్నది లేదు. ఇక మెచ్చుకోలు కోసం అత్త వైపు చూసింది.

ఆల్విల్డా ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. మొహం వాడిపోయింది.

"అన్నీ ఇలాగే వచ్చాయా?"

"అన్నీ."

"ఒక్కటీ మాడలేదూ?"

"లేదత్తా. ఇంకేం కావాలి నీకు?"

"మరి విలాద్స్ గారిని ఏమని పిలవను?"

విలాద్స్ కింది వాటాలో ఉండే ముసలాయన. ఒకప్పుడు రేవు వీధిలో బేకరీ నడిపాడు. భార్య పోయాక పండగ భోజనానికి ఎవరింటికీ వెళ్ళడు. ఎవరేమిచ్చినా పుచ్చుకోడు. "నామీద జాలి పడకండి" అని మొహం మీదే తలుపేస్తాడు. ఇది సిగ్నెకు తెలుసు. అలాంటి మనిషి ఏటా పండగనాడు పైకొచ్చి, అత్తను తిట్టి, తిడుతూ తిడుతూనే బాతు మాంసం, ఎర్ర క్యాబేజీతో కడుపారా తిని వెళ్ళడమూ తెలుసు. ఈ రెండిటినీ కలిపి ఆలోచించే తీరికే ఆమెకు ఎన్నడూ దొరకలేదు.

"మంచివి పెడితే రాడే," అంది ఆల్విల్డా. "మాడిపోయాయి, ఎక్కడ తప్పిందో కాస్త చూసి చెప్పండి అంటే మాత్రం గబగబా మెట్లెక్కుతాడు."

సిగ్నె ఒళ్ళంతా నొప్పులే. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేదు.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా. ఇన్నేళ్ళూ ఏడ్చుకుంటూ పిసికాను."

"నీకు నిజం దాచడం రాదు. నీ మొహం చూసి ఆయన ఇట్టే పసిగట్టేవాడు."

సిగ్నె మిగిలిన పిండిని కోసి, ఆఖరి పళ్ళెం ఓవెన్‌లోకి తోసింది. ఆల్విల్డా మంచివన్నీ డబ్బాల్లో సర్ది మంచం కిందికి నెట్టింది. ఇద్దరూ కిటికీ దగ్గర పక్కపక్కన కూర్చున్నారు. అత్త భుజం మీద సిగ్నెకు కునుకు పట్టింది. పొగ వచ్చింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

ఆల్విల్డా కిందికి కేకేయగానే విలాద్స్ వచ్చాడు. ఒకటి విరిచాడు, వాసన చూశాడు, కరకర నమిలాడు.

"ఇది బిస్కెట్టా, పెంకు ముక్కా? ఎవరు కాల్చారు?"

"మా మేనకోడలండీ," అంది ఆల్విల్డా, ఏమాత్రం తడుముకోకుండా.

ఆయన సిగ్నెను జాలిగా చూశాడు. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు.

"నిన్ను దారిలో పెట్టడం ఒక్క పూటతో అయ్యేలా లేదమ్మా. రేపు కూడా రావాలి నేను."

"రండి," అంది సిగ్నె ఆవలిస్తూ. "రేపు ఇంతకంటే ఘోరంగా కాలుస్తాను."