అమెరికా రచయిత్రి మీద నేనే రాసిన వ్యాసం

రాజాం గ్రంథాలయంలో మేం నడిపిన లిఖిత పత్రికకు ఒక్కటే ప్రతి ఉండేది. అరవైల చివర్లో అందులో వచ్చిన నా వ్యాసం నేను రాసింది కాదని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. చూపిద్దామంటే ఆ ప్రతి చెదలపాలైంది. అందుకే జరిగింది రాసిపెడుతున్నాను.

నేను ఐదో తరగతితో ఆపేశాను. కుట్టుపని చేసుకుంటూనే నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. గ్రంథాలయంలో ఉన్న ఒక అమెరికా రచయిత్రి అపరాధ పరిశోధన నవలలు ఆరూ అలాగే చదివాను. ఆమె నర్సుగా పనిచేసిందట, భర్త పోయాక రాయడం మొదలుపెట్టిందట. అట్టల వెనుక ఉన్న ఇలాంటి వివరాలన్నీ కూర్చి వ్యాసం రాశాను. ఒక అట్ట మీద అచ్చేసిన సమీక్ష ముక్కను ఉన్నదున్నట్టు ఎత్తిరాసి, విమర్శకులంతా ఆమెను మెచ్చుకున్నారని ముగించాను.

గ్రంథపాలకుడు అది చదివి కళ్లజోడు తీశాడు.

"ఒరే, ఎక్కడినుంచి ఎత్తీసినావురా? నిజం సెప్పు."

"నానే రాసినాను మాస్టారూ."

"జాకెట్లు కుట్టుకున్నోడివి, అమెరికా విమర్శకులు నీ సెవిలో సెప్పినారేటి? సరే, ఈ మెచ్చుకోలు మధ్యన చుక్కలేటి?"

"అట్ట మీద అలాగే ఉన్నాది."

"అక్కడ ఏటి తీసేసినారో కనుక్కునిరా. అప్పుడు నీ పేరేస్తాను."

అంతవరకూ అట్టను అనుమానించాలని నాకు తోచనే లేదు. మర్నాడు కొట్టు నా భార్యకు అప్పగించి విజయనగరం బస్సెక్కాను. అక్కడి పెద్ద గ్రంథాలయంలో పాత అమెరికా పత్రికలు బైండు చేసి ఉంచారని విన్నాను.

"పేజీలు సింపీసేవు సుమీ," అని అక్కడి గుమస్తా నా ఎదురుగానే కుర్చీ వేసుక్కూర్చున్నాడు. సాయంత్రానికి ఆ సమీక్ష దొరికింది. నవల సగంలోనే హంతకుడెవరో తెలిసిపోతుందనీ, అక్కణ్నుంచి చదవడం విసుగనీ విమర్శకుడు రాశాడు. అట్ట వేసినవాళ్లు ఆ ముక్క కత్తిరించేశారు.

నాకు మాత్రం హంతకుడెవరో చివరి పేజీ దాకా తెలియలేదు. ఆ పెద్దమనిషి ముందే చివరి పేజీ తిరగేసి ఉంటాడని నా అనుమానం. వ్యాసంలో సమీక్ష సారాంశం పూర్తిగా చేర్చి, కింద నా అనుమానమూ రాశాను.

గ్రంథపాలకుడు చదివి పెద్దగా నవ్వాడు. "విమర్శకుడి మీదే నేరం మోపినావేట్రా! ఇది ఎవుడూ రాసుండడు. నీదేలే." వ్యాసం కింద నా పేరు తనే రాశాడు.

ఆయనకూ, నన్ను కాపలా కాస్తూనే బరువైన సంపుటాలు దించిపెట్టిన గుమస్తాకూ, ఆ రోజు పదకొండు జాకెట్లకు కాజాలు తీసిన నా భార్యకూ కృతజ్ఞతలు. పేర్లు రాయడం వాళ్లకిష్టం లేదు. ఆ విమర్శకుడికి కూడా చెప్పాలేమో, ఇంకా తేల్చుకోలేదు.