కనుక్కుని చెప్తాను

ఏళ్లుగా ఒక వాక్యం నా వెంట తిరుగుతోంది. నేను రాసిందే. "ఆళ్లగడ్డ అంగడికి ప్రస్తుతం కంప్యూటర్ అక్కర్లేదు. ఫోనుతోనే సౌకర్యంగా ఉందని అక్కడివారు చెప్పారు." చదవడానికి ఎంత మర్యాదగా ఉంది! అందులో ఒక్క ముక్కా నిజం కాదు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరు నా ముఖం చూడరు కనుక మీకు చెబుతున్నాను.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. నంద్యాలలో మా తాతకు పత్తి మిల్లు ఉండేది. ఎవరేమడిగినా ఆయన అప్పటికప్పుడు జవాబు చెప్పేవాడు కాదు. తెలిసినా చెప్పేవాడు కాదు. "కనుక్కుని చెప్తా" అని లోపలికి వెళ్లిపోయేవాడు. అడిగినవాళ్లు వసారాలో కూర్చుని ఎదురుచూసేవాళ్లు. మిల్లు పోయింది. వసారా పోయింది. ఆ మాట మాత్రం నాకు మిగిలింది.

దావీదన్న దగ్గర మేనేజరుగా చేరాను. ఆయనది ట్రాక్టరు విడిభాగాల వ్యాపారం. నంద్యాలలో పెద్ద అంగడి, గోడౌను. ఆళ్లగడ్డలో చిన్న అంగడి. పెద్దింటివాడినని నాకు ఎత్తు వీపు కుర్చీ చేయించి, తాను స్టూలు మీద కూర్చునేవాడు. నేను వద్దనలేదు.

ఆళ్లగడ్డ అంగడిని సలోమి చూసుకునేది. చర్చిలో పాడే గొంతు. ఆమె నవ్వితే వీధి చివరికి వినిపించేది. రైతు విరిగిన సామాను గుడ్డలో చుట్టుకుని వస్తే, అలాంటిది గోడౌనులో ఉందా అని నాకు ఫోను చేసేది. ఉందో లేదో నాకు తెలుసు. అయినా "కనుక్కుని చెప్తానమ్మా" అని పెట్టేసి, టీ తెప్పించుకుని, తాగి, అప్పుడు చేసేవాడిని. చెడ్డ ఉద్దేశంతోనా? కాదనే ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఎక్కడో ఒక మనిషి నా మాట కోసం నిలబడి ఉన్నాడన్న ఆ కాసేపూ, మా మిల్లు మళ్లీ నడుస్తున్నట్టు ఉండేది.

కొన్నాళ్లకు దావీదన్న కంప్యూటర్ల ఆలోచన చేశాడు. "కొనేది తర్వాత చూస్తాం అప్పా. మూడేండ్లకు మన వ్యాపారం యాడుండాల, దానికి ఎవురికి ఏం తెలియాల, ముందు అది రాయి. ఆళ్లగడ్డకు పోయి సలోమిని అడుగు" అన్నాడు. ఆళ్లగడ్డ నిలదొక్కుకుంటే తర్వాత గోస్పాడులో ఒకటి, కొత్తపల్లెలో ఒకటి తెరవాలని ఆయన ఆశ.

వెళ్లాను. సలోమి జొన్నరొట్టె, చెనక్కాయల పొడి పెట్టింది. నేను తినేదాకా తాను కూర్చోలేదు.

"అన్నా, నంద్యాల సరుకు నాకు ఈడ కంప్యూటర్లో కనపడేట్ల పెట్టించు. అదొక్కటి చాలు."

"నేను చెప్తాండా కదమ్మా."

"చెప్తాండావులే! నువ్వు కనుక్కోని చెప్పేలోపల వచ్చిన రైతు నంద్యాల బస్సెక్కి పోతాండాడు. నిన్నొక బేరింగు అడగాలంటే కలెక్టరుకు అర్జీ పెట్టుకున్నట్టుండాది."

బల్ల ముందున్న రైతు అందుకున్నాడు. "ఆ బస్సెక్కినోళ్లల్లో నేనూ ఉండానప్పా."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"రాస్తాలేమ్మా."

"మర్చిపోవద్దన్నా. ఈ అంగడి నిలబడాలంటే అదే దారి."

తిరుగు బస్సులో ఆలోచించాను. అన్నీ ఆమెకు అక్కడే కనిపిస్తే ఇక నాకు ఫోను ఎవరు చేస్తారు? ఆ ఎత్తు కుర్చీ ఎందుకు? నన్ను పొడిచింది ఆమె హాస్యమా, నా భయమా? ఎన్నిసార్లు తిరగేసినా తేలలేదు. ఆ హాస్యంలో విషం లేదు. దారిలో తినమని ఇంకో రొట్టె కట్టి ఇచ్చింది కూడా. ఆ రొట్టె తిని, చెయ్యి కడుక్కుని, ఆ వాక్యం రాశాను.

దావీదన్న నమ్మాడు. కంప్యూటర్ నంద్యాలకే వచ్చింది. ఆళ్లగడ్డ రైతులు అక్కడ అడగడమే మానేసి నేరుగా నంద్యాలకు రావడం మొదలుపెట్టారు. చివరికి ఆ అంగడి మూతపడింది. గోస్పాడు, కొత్తపల్లె మాట మళ్లీ ఎత్తలేదు. "నువ్వు పోయి కనుక్కోనొస్తివి కాబట్టి సరిపోయింది. లేకుంటే ఆడ కంప్యూటరు కూడా దండగయ్యేది" అని దావీదన్న నా చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించింది. తీసుకోలేదు.

సలోమి తాళాలు ఇవ్వడానికి వచ్చింది. తన మాట రాశావా అని అడుగుతుందని భయపడ్డాను. "నువ్వు చెప్పే ఉంటావులే అన్నా. ఆయనే వినిండడు" అంది. అప్పుడైనా నోరు తెరవొచ్చు కదా? తాళాలు అందుకుని సొరుగులో పెట్టాను.

ఇప్పుడు ఇంట్లోనే బట్టలు కుడుతోంది. ప్రతి క్రిస్మస్‌కూ నాకు కజ్జికాయలు పంపిస్తుంది. దావీదన్నకు పంపదు. పెళ్లిళ్లలో ఆయన ఎదురుపడితే పక్కకు తప్పుకుంటుంది. ఇద్దరూ మంచివాళ్లు. ఇద్దరూ నన్ను నమ్మినవాళ్లు. వాళ్ల మధ్య ఉన్న ఆ ఎడం నాది.

మొన్న దావీదన్న అడిగాడు. "ఆ సలోమి పాపకు నా మీద ఏం కోపమప్పా?"

నేనేమన్నానో మీరు ఊహించగలరు. కనుక్కుని చెప్తానన్నాను.

ఆయన ఇంకా ఎదురుచూస్తున్నాడు, ఆ స్టూలు మీదే. వాళ్లిద్దరి ముందూ నిలబడే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. క్షమిస్తారో లేదో అసలే తెలియదు. ఇక్కడైతే రాస్తున్నాను: కంప్యూటర్ కావాలని ఆమె అడిగింది. వద్దందని నేను రాశాను.

రాసి చూస్తే ఇంతే ఉంది. ఇందులో కనుక్కోవలసింది ఏనాడూ ఏమీ లేదు.