కొండచామంతి డబ్బా

నా చిన్నప్పుడు, కామాఠిపురలోని మా చాల్‌లో, వరసగా ఒంటిగది ఇళ్ళుండే ఆ భవనంలో, పొద్దున ఒక్క గంటే నల్లా వచ్చేది. ఆ గంటలో ఎవరి బిందె ముందు పెట్టాలన్నదాని మీద రోజుకో పోట్లాట. అలాంటి చోట ఒక మొక్కకు నీళ్ళు పోసి పోసి చంపబోయిన ఘనత నాది. ఎనభైల నాటి మాట. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

మొక్క నాది కాదు, పక్క ఖోలీ గదిలో ఉండే అవ్వది. అవ్వ పాలమూరు నుంచి కూలికి వచ్చి, ఒకప్పుడు ఘాట్ రోడ్డు పనిలో కంకర మోసిన మనిషి. అక్కడి కొండరాళ్ళ సందుల్లో చామంతిలాంటి పసుప్పచ్చని చిన్న పువ్వు పూసేదట. ఊళ్ళో అయితే బతుకమ్మకు తంగేడు, గునుగు ఉంటాయి. ఘాట్ మీద అవి దొరక్క, పనిలో ఉన్న ఆడవాళ్ళంతా ఆ పూలతోనే బతుకమ్మను పేర్చుకున్నారు. పని అయిపోయి వచ్చేటప్పుడు అవ్వ ఒక మొక్కను వేళ్ళతో సహా తడి గోనెగుడ్డలో చుట్టి తెచ్చి, డాల్డా డబ్బాలో పెట్టుకుంది. దాని అసలు పేరు మాకెవరికీ తెలియదు, కొండచామంతి అనేవాళ్ళం. పూత అయ్యాక పైనంతా ఎండిపోయేది. వానలు పడగానే వేరు నుంచి మళ్ళీ చిగురించేది. దాదర్ నుంచి ఎన్ని బంతిపూలు తెచ్చినా సరే, ఆ పువ్వు పైన పెట్టందే అవ్వ తన బతుకమ్మను ఎత్తేది కాదు.

ఆ ఏడు విత్తనాల పనికని ఊరికి పోతూ, పండగ నాటికి పూలుండాలని చెప్పి అవ్వ ఆ డబ్బాను నాకు అప్పగించింది. చాల్‌లో అంతమంది పిల్లలుండగా నన్నే నమ్మిందని నాకు ఒకటే గర్వం. ఇక చూడండి నా సేవ! వానకు తడుస్తుందని లోపల పెట్టి, చెంబుతో నేను నీళ్ళు పోసేదాన్ని. బియ్యం కడిగిన నీళ్ళు, టీ పిప్పి, నాగ్‌పాడా బర్రెల తబేలా నుంచి ముక్కు మూసుకుని మోసుకొచ్చిన పేడ, అన్నీ దానికే. ఇంట్లో అమ్మ, స్నానానికి లేని నీళ్ళు దానికెక్కడివే అని తిట్టేది. మొక్క పాలకూర మడిలా గుబురుగా పెరిగింది. మొగ్గ మాత్రం ఒక్కటి లేదు.

గణపతి పండక్కి ముందు అవ్వ తిరిగొచ్చింది. డబ్బా చూపించి, ఈసారి నీ బతుకమ్మకు పువ్వు లేదవ్వా అని గుక్కపట్టి ఏడ్చాను. కాండం కింద నల్లబడటం కూడా మొదలైంది. అవ్వ తిట్టలేదు. ఏమేం పెట్టావని అడిగి అంతా శ్రద్ధగా విన్నది. పేడ సంగతి చెప్పినప్పుడు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వాపుకోవడానికని నాకు తర్వాత అర్థమైంది. మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి, ఫోరస్ రోడ్‌లో కూలగొడుతున్న గోడ దగ్గరి నుంచి ఇటుక ముక్కలు, గరుకు ఇసుక తెచ్చి, డబ్బాలో మట్టి మార్చేసింది. కొమ్మలు సగానికి కత్తిరించింది. ఖోలీల ముందు గ్యాలరీలో ఎండ నేరుగా పడే చివర ఒక పళ్ళెం పెట్టి, అందులో డబ్బా నిలబెట్టింది. నీళ్ళు మాత్రం రోజూ నువ్వే పోయాలని నాకు చెప్పింది. పోయడం నాకు చెప్పాలా?

బతుకమ్మకు వారం ముందు మొగ్గలు కనిపించాయి. పండగ చివరి రోజు, సద్దుల నాటికి ఏడు పూలు. అవ్వ వాటిని గౌరమ్మ చుట్టూ పెట్టి బతుకమ్మను ఎత్తుకున్నప్పుడు, అవి నా నీళ్ళకు పూసిన పూలని చాల్ అంతా చెప్పుకుని తిరిగాను. అవ్వ అవునవునంది.

పండగ మర్నాడు ఊడ్చుదామని డబ్బా ఎత్తితే, అడుగంతా మేకుతో కొట్టిన చిల్లులు. కింద పళ్ళెం నిండా పొద్దున నేను పోసిన నీళ్ళు. నేనింతకాలం పోసిందంతా అలాగే కారిపోయిందని తెలిసి నాకు తల కొట్టేసినట్టయింది. మోసం చేశావని అవ్వ మీదికి పోయాను.

అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "కొండ మీద దానికి ఎవ్వలు నీళ్ళు వోసిండ్రు బిడ్డా? అది రాళ్ళల్ల బతికేటిది. నిన్ను పొయ్యకు అంటే నీ మనసు చిన్నబోతది. అందుకే పోసుకోనిచ్చిన. ఒక్క చుక్క ఖరాబ్ కాలే, ఆ నీళ్ళతోటే రోజు మెట్లు కడిగిన," అంది.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నిజమే, ఆ నెలంతా మా చాల్ మెట్లు తళతళలాడాయి. ఎవరు కడుగుతున్నారో అని అమ్మ కూడా ఆశ్చర్యపోయింది.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఆమె వేరు విడదీసి ఇచ్చిన పిలక ఇప్పటికీ మా గ్యాలరీలో ఏటా పూస్తుంది. దానికి మా మనవరాలు రోజూ చెంబెడు నీళ్ళు పోస్తుంది. ఎందుకే అన్ని నీళ్ళు అని మా కోడలు కసురుకుంటుంది. నేను మాత్రం పోసుకోనిస్తాను. పిల్ల బడికి వెళ్ళాక, పళ్ళెం తీసుకుని మెల్లగా మెట్ల దగ్గరికి నడుస్తాను.