రిజిస్టరులో లేని పిల్లల వంటమ్మ

మా బడి వంటమ్మ పోయిందని మొన్న శుక్రవారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఇప్పుడక్కడ పనిచేస్తున్న టీచరు చేసింది. "రెండు రోజులుగా అద్దంకి ఆసుపత్రిలో ఉందండి. రాత్రి పోయిందట. మీకు చెప్పాలనిపించింది" అంది. ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో నేను తొమ్మిదేళ్లు హెడ్మిస్ట్రెస్‌గా ఉన్నాను. మధ్యాహ్నం గంట కొట్టాక బడి మొత్తం ఆమె చేతిలోకి వెళ్లిపోయేది.

ఒంగోలులో బస్సెక్కి కూర్చున్నాక ఆమె వడ్డనే గుర్తొచ్చింది. పిల్లల్ని "ఇంకా కావాలా?" అని అడిగేది కాదు. ఎందుకని ఒకసారి నేనే అడిగాను. "అడిగితే సిగ్గుపడి చాలంటారు టీచరమ్మా. పెడుతూ పోవాలి. కడుపు నిండితే వాళ్లే చెయ్యి అడ్డం పెడతారు" అంది. సాంబారులో ఉప్పు చూడటానికి ఒకటో తరగతి వాళ్లనెవరినో పిలిచి అరచేతిలో చుక్క వేసేది. వాళ్లు తల ఊపితేనే గిన్నె దించేది.

ఏటా జనవరిలో కనిగిరి వైపు మెట్ట ఊళ్ల నుంచి మిరప కోతలకు కుటుంబాలు వచ్చేవి. పొలాల పక్కన టార్పాలిన్ పట్టాలతో గుడారాలు వేసుకుని మూడు నెలలు ఉండేవాళ్లు. పెద్దవాళ్లు చేలోకి దిగితే పిల్లలు కాయలు ఎండబోసిన కల్లాల దగ్గర తిరిగేవాళ్లు. ఒక ఏడాది వాళ్లలో ఆరుగురు మధ్యాహ్నంపూట మా గేటు దగ్గరకొచ్చి నిలబడటం మొదలుపెట్టారు. అందులో ఏడేళ్ల పిల్ల ఒకతి ఎప్పుడూ తమ్ముణ్ణి చంకన వేసుకునే ఉండేది. మా పిల్లలు తిన్నాక వంటమ్మ వాళ్లను వరండాలో కూర్చోబెట్టి మిగిలింది పెట్టేది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఒకరోజు తనిఖీకి వచ్చిన అధికారి వాళ్లను చూశారు. "వీళ్లు మీ రిజిస్టరులో ఉన్నారా?" అన్నారు. లేరన్నాను. "రేపు ఏ పిల్లకైనా వాంతులైతే ఎవరు జవాబు చెప్తారు?" అనేసి జీపెక్కారు.

నాకు భయం పట్టుకుంది. ఆయన వెళ్లగానే, గిన్నెలు తోముతున్న వంటమ్మ దగ్గరకెళ్లాను.

"రేపటి నుంచి బయటి పిల్లలకు పెట్టకు."

"మిగిలిందేగా టీచరమ్మా పెడుతున్నా."

"మిగిలినా సరే. మన దగ్గర వాళ్ల పేర్లు లేవు."

"పేర్లదేముందండీ, అడిగితే చెప్తారుగా. రాసుకోండి."

"అంత తేలిక కాదమ్మా" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆమే గేటు దగ్గరకెళ్లి, ఆ పిల్లల ముందు గొంతుక్కూర్చుని ఏదో చెప్పింది. కిటికీలోంచి చూస్తున్న నాకు మాటలు వినపడలేదు. ఆ ఏడేళ్ల పిల్ల తమ్ముణ్ణి ఆ చంకనుంచి ఈ చంకకు మార్చుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత వంటమ్మ బడిలో తినడం మానేసింది. తన అన్నం క్యారేజీలో పెట్టుకుని పొలాల వైపు వెళ్లేది. "తినవేం?" అంటే, "ఇంటికెళ్లి తింటానండి" అనేది. ఇల్లు అటువైపు లేదని నాకు తెలుసు. అయినా నమ్మినట్టే ఉన్నాను.

ఉగాదికల్లా కోతలు అయిపోయాయి, గుడారాలు లేచిపోయాయి. ఆ వేసవి టీచర్ల శిక్షణలో చెప్పారు: ఏ పిల్లనైనా ఏ రోజైనా, ఒక్క కాగితం కూడా అడక్కుండా బడిలో చేర్చుకోవచ్చని, బడిలో చేరిన పిల్లకు మధ్యాహ్న భోజనం హక్కని. నాకది కొత్త సంగతేమీ కాదు. అంతకుముందూ విన్నాను. ఎందుకొచ్చిన తలనొప్పని పక్కన పెట్టాను.

మరుసటి జనవరిలో రిజిస్టరు పట్టుకుని నేనే గుడారాలకు వెళ్లాను. వంటమ్మ వెంట వచ్చింది. నేను పేర్లు రాసుకుంటుంటే ఆమె ఒక్కో గుడారంలోకీ తొంగి చూసి, "ఆ అక్కా తమ్ముడూ ఏరమ్మా?" అని అడిగింది. "వాళ్లు ఈ ఏడు రాలేదు. గుంటూరు దాటి ఎటో పనికి పోయారంట" అంది ఒకావిడ.

తిరిగొస్తుంటే దారిలో వంటమ్మ, "పోయినేడే రాసుంటే వాళ్లు కూడా తినుండేవాళ్లు టీచరమ్మా" అంది. గొంతులో కోపం లేదు. తప్పు నాదేనని ఆ రోజూ అనలేదు, పదవీ విరమణ రోజు ఆమె నాకు పూలదండ వేసినప్పుడూ అనలేదు. ఎప్పుడైనా వెళ్లి చెప్పొచ్చులే అనుకున్నాను.

నేను వెళ్లేసరికి ఆమెను తీసుకెళ్లిపోయారు. గుమ్మం పక్కన గోడకానుకుని కూతురు కూర్చుని ఉంది. ఆ ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగలేదు. ఒంటిగంట దాటాక, కోతలకొచ్చి గుడారాల్లో ఉంటున్న ఇద్దరు ఆడవాళ్లు చేలోంచి నేరుగా వచ్చారు. మిరప ఘాటుకు ముఖానికి చుట్టుకున్న గుడ్డలు ఇంకా మెడలోనే ఉన్నాయి. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని మోసుకొచ్చిన పెద్ద గిన్నెను కూతురి ముందు దించారు.

"వేడిగా ఉందమ్మా. తినండి" అంది ఒకావిడ.

కూర్చోమంటే, "కోత ఆగిపోద్దండి" అన్నారు. కూతురు మూత తీసింది. తెల్లటి అన్నం మీంచి ఆవిరి లేచి ఆమె ముఖాన్ని కప్పేసింది. అప్పటికే వాళ్లిద్దరూ ఎండలో గట్టు మీద ఒకరి వెనక ఒకరు నడుచుకుంటూ ఎర్రటి చేలోకి దిగుతున్నారు.