సుగుణత్త రైక గుడ్డ, బాపు మెడ దస్తీ

మా చిన్నప్పుడు బాపు మెడ చూస్తే చాలు... ఆ వారం మా వాడలో ఎవరెవరు రైకలు కుట్టించుకున్నారో చెప్పేయొచ్చు.

శంషాబాద్‌లో మా కిరాయి ఇంటి ముందు గదిలో అమ్మ మిషన్ కుట్టేది. బాపుది ఎయిర్‌పోర్టు రోడ్డు నడుమ చెట్లకు నీళ్లు పెట్టే పని. అక్కడ నీడ ఉండదు... ఎండంతా మెడ మీదే కొడుతుంది. అందుకని అమ్మ రైకల్లో మిగిలిన పీలికలన్నీ అతికి, లోపల పాత లుంగీ గుడ్డ వేసి, మూడు మూలల దస్తీలు కుట్టేది. ఒక మూల వీపు మీదికి, మిగతా రెండూ గొంతు దగ్గర ముడి. ఎర్ర చుక్కలు, పసుపు పూలు, వంకాయ రంగు గళ్లు... అన్నీ ఒకే మెడ మీద.

"అన్నా, ఇయ్యాల ఎవరి రైకనే?" అని తోటి పనివాళ్లు ఆటపట్టించేవారట.

"నాకేం ఎరుక? మా ఇంటామెను అడుగుర్రి" అనేవాడట బాపు, ముడి సర్దుకుంటూ.

అమ్మకు మాత్రం ఒక పట్టింపు ఉండేది. జానెడు కన్నా పెద్ద ముక్క మిగిలితే అది మా ఇంట్లో ఉండకూడదు. చుట్టచుట్టి, పిన్నీసుతో రైకకే గుచ్చి ఇచ్చేసేది. మంఖాల్ నుంచి కూడా ఆడవాళ్లు బస్సెక్కి మా అమ్మ దగ్గరికే వచ్చేవాళ్లు... ఆ పిన్నీసు కోసమే వచ్చేవాళ్లేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

నేను ఐదో తరగతి అయిపోయిన ఎండాకాలం మిషన్ తొక్కడం నేర్చుకున్నాను. నా మొదటి దస్తీ బాపుకే కుట్టాలి... అదీ అతుకుల్లేకుండా, ఒకే గుడ్డతో! పీలికల సంచిలో అంత ముక్క ఎక్కడిది? వెతుకుతుంటే గోడ మేకుకు వేలాడుతున్న చిన్న మూట కనబడింది. విప్పితే లోపల నెమలి రంగు ముక్క... దాదాపు మూరెడు. పక్కన రైక లేదు, పిన్నీసూ లేదు. అంటే ఇక ఎవరికీ అక్కర్లేనిదే అనుకున్నాను.

అమ్మ రేషన్ దుకాణానికి వెళ్లిన పూట దాన్ని ఏటవాలుగా రెండుగా కోసి, ఒకదాని మీద ఒకటి వేసి కుట్టేశాను. తెల్లారి అమ్మ నల్లా దగ్గర ఉండగా బాపు మెడలో నేనే కట్టాను.

"అబ్బో, నా బిడ్డ దర్జీ అయింది!" అని మురిసిపోతూ పనికి పోయాడు బాపు.

ఆ సాయంత్రం సుగుణత్త వచ్చింది. మా వాడ చివరింట్లో ఉండేది. బాపును అన్నా అని పిలిచేది కాబట్టి నాకు అత్త. ఆపరేషన్ అయ్యి అప్పటికి మూడు నెలలు... మనిషి సగమైంది. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది, లోపలికి రాలేదు.

"వదినా, నా గుడ్డ ఏది?"

అమ్మ మేకు వైపు చూసింది. మేకు ఖాళీ.

"దవాఖాన నుంచి వస్తున్న. బస్సుల కిటికీ పక్కన కూసున్న. రోడ్డు నడుమ అన్న కనవడ్డడు... మెడల నా రైక గుడ్డ" అంది సుగుణత్త. "ఇగ ఇది ఒళ్లు చేసేది లేదు, దీనికి గుడ్డెందుకు అనుకున్నవా వదినా?"

సంగతి నాకు అప్పుడు తెలిసింది. చెల్లెలి పెళ్లికని రైక కొలత ఇచ్చేటప్పుడు టేపు తన చుట్టూ ఎంత తక్కువ తిరిగిందో చూసి సుగుణత్త ఏడ్చిందట. అమ్మ అప్పుడు మాటిచ్చిందట... "ఇప్పటికి గింతనే కుడుత. మిగిలిన గుడ్డ నా దగ్గరనే పెడుత. నువ్వు ఒళ్లు చేసినంక చంకల కింద అతికి లూజు చేస్త." జానెడు దాటితే ఎవరి గుడ్డనూ ఇంట్లో ఉంచుకోని అమ్మ ఆ ఒక్క ముక్కను మాత్రం ఉంచుకుంది. నేను కోసింది దాన్ని.

"నేనే కుట్టిన అత్తా... పిన్నీసు లేకుండె..." అన్నాను.

అప్పుడే బాపు వచ్చాడు. విషయం వినగానే ముడి విప్పి, "చెల్లె, నాకు ఎరుక లేదే" అంటూ దస్తీని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. అంచుల మీద చెమట ఉప్పు తెల్లగా గీతలు కట్టి ఉంది.

అమ్మ నన్ను కొట్టలేదు. నా చేతిలో బ్లేడు పెట్టి, "విప్పు. గుడ్డ చినగొద్దు" అంది. అంతే.

ఒక్కో కుట్టూ తెంపుతూ కూర్చున్నాను. కళ్లలో నీళ్లకు దారం కనబడటం లేదు. కాసేపటికి సుగుణత్త లోపలికి వచ్చి, నా ఎదురుగా చాప మీద కూర్చుని, గుడ్డ రెండో కొస బిగించి పట్టుకుంది.

"గింత దగ్గర దగ్గర కుట్టినవేందే కోడలా... మీ బాపు మెడ ఊడిపోతదనుకున్నవా?"

నవ్వింది... ముందు తను, తర్వాత మేమందరం.

అమ్మ ఆ రెండు ముక్కలూ ఉతికి, ఆరేసి, చుట్టి, ఈసారి పిన్నీసు గుచ్చి మళ్లీ అదే మేకుకు తగిలించింది. "మూడు మూలల ముక్కలే కదా వదినా, చంకల కిందికి సరిగ్గా సరిపోతయి" అంది.

ఏడాది దాటింది. ఒక మధ్యాహ్నం సుగుణత్త గుమ్మంలోంచే కేకేసింది... "వదినా, రైక పడ్తలేదు!"

రైక బిగుతైందని అంత సంతోషంగా చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. అమ్మ లేచి మేకు దగ్గరికి వెళ్లింది. ఆ అతుకుల మీద నా సూది రంధ్రాలు వరసగా అలాగే ఉండిపోయాయి. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే సుగుణత్త చెయ్యెత్తి చూపించేది... "గిది మా అన్న ఒక్కరోజు కట్టుకున్న గుడ్డ."

ఇప్పుడు బాపుకు పనిలో టోపీ ఇస్తున్నారు. నేను రాజేంద్రనగర్‌లో రూమ్ తీసుకుని ఉంటున్నాను, బట్టలన్నీ ఫోన్‌లోనే కొంటాను. మొన్న ఒక కుర్తీ బిగుతైందని టైలర్ దగ్గరికి తీసుకెళ్తే, తిరగేసి చూసి, "లోపల గుడ్డ వదల్లేదు మేడం, ఏం చేయలేం" అని తిరిగి నా చేతిలో పెట్టాడు.

బయటికి వస్తుంటే... మనిషి మళ్లీ కోలుకుంటుందని నమ్మి, ఒక ముక్కను ఏడాదిపాటు మేకుకు తగిలించి ఉంచిన చేతులు గుర్తొచ్చాయి.

మీ ఇంట్లో మేకుకు ఎవరి కోసం ఏం వేలాడేది?